వంటింట్లో చెప్పిన గుండె పాఠం

నా అక్షరాలు కుదురుగా ఉండవు. ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. తప్పులుంటే మన్నించండి, అర్థం కాని చోట ఊహించుకుని చదవండి.

మా తోటికోడలు పోయిన నెల కన్నుమూసింది. నేను ఆమెను అక్క అని పిలిచేదాన్ని. నెలకోసారి ఈ ఆక్లాండ్‌లో పాపటోయిటోయి హాల్లో కలుసుకునే మీ అందరికీ ఆమె తెలుసు. ఆమె గురించి తలా ఒక కాగితం రాసి ఇవ్వమని, అన్నీ కలిపి పుస్తకం వేస్తామని మన సంఘం పెద్దావిడ అడిగారు. నలుగురిలో నిలబడి మాట్లాడమంటే నాకు నోరు పెగలదు. కాగితమైతే నయం, అది నా మొహం చూడదు.

రెండు నెలల జబ్బు. తను పనిచేసిన ఆసుపత్రిలోనే, తను పనిచేసిన అంతస్తులోనే పోయింది. ఆ పొద్దున ఆమెను గదిలోంచి బయటికి తీసుకొస్తుంటే నర్సులు వరండాకి రెండు వైపులా వచ్చి నిలబడ్డారు. డ్యూటీలో ఉన్నవాళ్లూ, డ్యూటీ దిగి ఇంటికి పోకుండా ఆగినవాళ్లూ.  మా బావగారు, అంటే అక్క భర్త, ఆ మధ్యలోంచి తల ఎత్తుకుని నడిచారు. ఏడుస్తూనే నడిచారు, కానీ తల దించలేదు. ఆ వెనకాల నడుస్తున్న నాకు దుఃఖం కంటే ముందు గర్వం వచ్చింది. ఇది మా ఇంటి మనిషి అనుకున్నాను.

అంతటి నర్సు, మా అక్క, రెండో ఏడాదిలోనే ఆ చదువు మానేయబోయిందని మీలో ఎవరికీ తెలియదు. అది చెప్పాలనే రాస్తున్నాను.

నేను పెళ్లయి ఇక్కడికి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. బావగారు సిటీ బస్సు డ్రైవరు. మా ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర సరుకుల గోడౌన్లో పని. అక్క ముసలివాళ్ల హోమ్‌లో ఆయాగా చేసేది. వాళ్లకి స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం. ఇండియాలో ఇంటర్ దాకా చదివింది. హోమ్‌లో ఎవరికైనా ఒళ్లు తేడాగా అనిపిస్తే నర్సును పిలవాలి, అంతకు మించి ముట్టుకోకూడదు. నర్సు వచ్చేదాకా వాళ్ల చెయ్యి పట్టుకుని నిలబడాల్సి వచ్చేదట. "పిలిచేదాన్నిగా ఎన్నాళ్లుంటాను చెల్లీ, ఆ వచ్చే మనిషిని నేనే అవుతాను" అంది ఒకరోజు, గిన్నెలు తోముతూ, పెరుగు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. ఆ మరుసటి ఏడు నర్సింగ్‌లో చేరింది. అప్పటికి క్లాసులో ఆమె పక్కన కూర్చునే పిల్లలు ఆమె కూతురి కంటే నాలుగేళ్లు పెద్దవాళ్లు, అంతే.

ఫీజుకి గవర్నమెంటు లోన్ తీసుకుంది. ఈ దేశంలో స్థిరపడినవాళ్లకి అలా ఇస్తారు. ఇక్కడే ఉన్నంతకాలం వడ్డీ ఉండదు. ఉద్యోగం వచ్చి జీతం ఒక మట్టానికి చేరాక అందులోంచి కొంచెం కొంచెం పట్టుకుంటారు. ఫీజుకే కాదు, చదువుకునే రోజుల్లో తిండికీ అద్దెకీ కూడా వారం వారం కొంత ఇస్తారు. అది మాత్రం అక్క తీసుకోలేదు. బావగారు వద్దన్నారు. చదువుకి అప్పు సరే, తినే తిండికి అప్పేమిటన్నారు. అందుకని అక్క క్లాసులు అయ్యాక సాయంత్రాలూ, శని ఆదివారాలూ హోమ్‌లో పని చేస్తూనే ఉంది.

బావగారిని తప్పుగా అనుకోకండి. అప్పు అంటే ఆయనకు కనిపించేది వేరు. తణుకు దగ్గర పల్లెలో మా మామగారిది కౌలు వ్యవసాయం. అప్పిచ్చినాయన పొద్దున్నే సైకిలు మీద వచ్చి, వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చునేవాడట. అప్పు మాట ఎత్తేవాడు కాదు. మజ్జిగ అడిగి తాగేవాడు, దారిన పోయేవాళ్లను పలకరించేవాడు, ఎండెక్కాక లేచి వెళ్లేవాడు. ఊరంతా చూసేది. ఆ మజ్జిగ గ్లాసు అందించింది బావగారే, అప్పటికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. ఇప్పటికీ ఆయన మజ్జిగ తాగరు.

అక్క చదువుకునే పద్ధతి ఒకటుంది. పుస్తకం పెట్టుకుని ఒక మూల కూర్చుంటే ఆమె బుర్రకి ఎక్కేది కాదు. ఎవరికైనా చెప్పాలి. కూతురికి తన చదువు తనకుంది. బావగారు షిఫ్టులో, మా ఆయన నిద్రలో. మిగిలింది నేను. సాయంత్రం హోమ్‌కి బయలుదేరే ముందు ఒక గంట, నేను చపాతీలు వత్తుతుంటే, పొయ్యి పక్కన నిలబడి ఆ రోజు పాఠం ఇంగ్లీషులో ఒకసారి చదువుకుని, నాకు తెలుగులో చెప్పేది. చెప్పాక, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనేది. నేను సరిగ్గా చెబితే చపాతీ తిరగేసి, "ఇది కాలింది, ఇంకోటి వెయ్యి" అనేది. చపాతీ గురించి కాదు, పాఠం గురించి. నేను తడబడితే ఆ పాఠం తనకే సరిగా రాలేదని లెక్క. మళ్లీ పుస్తకం తెరిచేది. "నీకు అర్థమైతేనే నాకు వచ్చినట్టు" అనేది.

అలా నేను ఆ వంటింట్లో మూత్రపిండాలు నేర్చుకున్నాను, కాలేయం నేర్చుకున్నాను. షుగరున్నవాళ్లు కాళ్లకి ఎందుకు చెప్పులు తీయకూడదో నేర్చుకున్నాను. మా ఆయన ఒకసారి నడుం పట్టేసిందని మూలుగుతుంటే, అది ఎముక కాదు కండ అని నేను చెప్పేసరికి ఆయన మూలగడం ఆపి నావైపు చూశారు. "అన్నయ్యా, ఫీజు ఒకరికి కట్టాం, ఇద్దరు చదువుతున్నారు" అని హాల్లోకి కేకేశారు.

రెండో ఏడాది మధ్యలో రెండు కష్టాలు కలిసి వచ్చాయి. ఒకటి, ఇంటి అద్దె పెరిగింది. రెండు, అక్కకి ప్లేస్‌మెంట్ పడింది. ప్లేస్‌మెంట్ అంటే ఆసుపత్రిలో నర్సుల వెంట ఉండి నేర్చుకునే డ్యూటీ. వారాల తరబడి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, ఒక్కోసారి రాత్రుళ్లు కూడా. పైసా జీతం ఉండదు. దానితో పాటు హోమ్‌లో పని చేయడం మనిషి వల్ల కాదు. సరిగ్గా అప్పుడే బావగారు అక్క ఫోన్లో లోన్ మొత్తం ఎంతయిందో చూశారు. ఆ రాత్రి ఆయన భోజనం చేయలేదు.

మర్నాడు ఆయన చాలా మెత్తగానే చెప్పారు. ఒక్క ఏడాది ఆపు, నువ్వూ ఫుల్‌టైమ్ పని చెయ్యి, ఇప్పటిదాకా అయింది తీర్చేద్దాం, బరువు దిగాక మిగతాది చదువుకుందువుగాని అన్నారు. అక్క ఎదురు చెప్పలేదు. ఆమె కూడా అలాంటి ఇంట్లోనే పెరిగింది. అప్పులవాడు గడప తొక్కకముందే ఇచ్చేయడం మర్యాద అని నమ్మే ఇల్లు. ఇలాంటి పొరపాటు మనవాళ్లమే చేస్తాం. వడ్డీ లేని అప్పు, ఎవరూ అడగని అప్పు, చదువు పూర్తయితే దానంతట అదే తీరిపోయే అప్పు. దాన్ని తీర్చడానికని అక్క చదువే ఆపేసింది. కాలేజీకి చెప్పి, సూపర్‌మార్కెట్లకి కూరగాయలు సర్దే షెడ్డులో పనికి కుదిరింది. పుస్తకాలు బీరువా మీదకి వెళ్లాయి.

వంటింట్లో మాట ఆగిపోయింది. అక్క పనినుంచి వచ్చి, క్యారెట్ల చలికి కొంకర్లు పోయిన వేళ్లని వేడినీళ్లలో పెట్టుకుని కూర్చునేది. నేను చపాతీలు చేసేదాన్ని. పాఠం ఏదీ అని అడగబోయి మింగేసేదాన్ని. ఆపే ముందు చివరిగా చెప్పింది గుండె పాఠం. గుండె నాలుగు గదుల ఇల్లు చెల్లీ, తలుపులు ఒకవైపుకే తెరుచుకుంటాయి, వచ్చిన రక్తం వెనక్కి పోలేదు అని చెప్పింది. ఒళ్లంతా తిరిగి అలిసిన రక్తం కుడివైపు పైగదిలోకి వస్తుంది, కిందిగదిలోకి దిగుతుంది, అక్కడినుంచి ఊపిరితిత్తులకి వెళ్తుంది. అంతవరకు చెప్పాక ఫోన్ వచ్చింది. మిగతాది రేపు అంది. ఆ రేపు రాలేదు.

మూడు వారాలు గడిచాక ఒక శనివారం అక్క క్లాసులో చదివే టోంగా దీవుల ఆవిడ మా ఇంటికి వచ్చింది. భారీ మనిషి, నలుగురు పిల్లల తల్లి. ఒక పెద్ద పళ్లెంలో ఉడికించిన టారో దుంపలు, మన చేమదుంపల్లాంటివే, పట్టుకుని, పిలవకుండానే వచ్చి సోఫాలో కూర్చుంది. అక్క టీ పెడతానంటే నువ్వు కూర్చో అంది. బావగారితోనే మాట్లాడాలని వచ్చిందట. వాళ్లు మాట్లాడింది ఇంగ్లీషు. పాప, అంటే అక్క కూతురు, తర్వాత నాకు విడమరిచి చెప్పింది.

తనకూ అంతే లోన్ ఉందని, తిండి డబ్బులు కూడా తీసుకుంటున్నానని ఆవిడ చెప్పిందట. మాతో చేరిన వాళ్లలో ఒక్క సెమిస్టర్ ఆపుతానని వెళ్లిన వాళ్లెవరూ తిరిగి రాలేదు, అందరూ మంచివాళ్లే, అందరూ వస్తామనే వెళ్లారు అందట. కాలేజీలో అడిగి వచ్చింది, వచ్చే శుక్రవారంలోగా చెబితే ప్లేస్‌మెంట్ సీటు ఇంకా ఉంది, ఆ తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. అప్పుడు ఏడాది ఆగాలి, ఆగినా చోటు దొరుకుతుందని నమ్మకం లేదు. చివరికి బావగారిని ఒక్క మాట అడిగింది. ఆ డబ్బు మిమ్మల్ని ఎవరు అడుగుతున్నారు?

 ఎవరూ అడగలేదని బావగారు ఒప్పుకున్నారు. అడిగేదాకా ఉంచుకోకూడదు కదా అన్నారు. ఆవిడ తల ఊపింది, వాదించలేదు. వెళ్తూ వెళ్తూ పళ్లెం ఇక్కడే ఉంచుతాను, క్లాసుకి వచ్చేటప్పుడు తీసుకురా అని అక్కకి చెప్పింది.

ఆదివారం పోయింది, సోమవారం పోయింది. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.  అక్క ఆగితే ఇక ఆగినట్టేనని, ఆ వేళ్లు జీవితమంతా క్యారెట్ల మధ్యే ఉంటాయని నాకు అనిపించింది. నేను ఎవరితో చెప్పగలను? మా ఆయనతో చెబితే, అన్నయ్య సంగతి అన్నయ్యకు తెలుసు అన్నారు.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. మావైపు ఇళ్లలో తమ్ముడి భార్య బావగారికి ఎదురుపడి మాట్లాడదు. ఈ రోజుల్లో చాలామంది మానేశారు. నాకు మాత్రం ఆ బిడియం ఆక్లాండ్ వచ్చినా వదల్లేదు. ఆయన నా ముందే కూర్చున్నా, "పాపా, నాన్నగారికి పులుసు ఇంకొంచెం కావాలేమో కనుక్కో" అనేదాన్ని. ఆయన కూడా, "చాలని చెప్పమ్మా" అని పాపతోనే అనేవారు. పాప ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది కానీ నోట ఇంగ్లీషే. "హీ ఈజ్ రైట్ దేర్, పిన్నీ" అని కళ్లు తిప్పి, అయినా చెప్పేది. అలా నేను వచ్చాక మూడేళ్లు ఆయనతో ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు.

బుధవారం రాత్రి అందరం భోజనాలకి కూర్చున్నాం. నేను వడ్డిస్తున్నాను. చేతిలో పప్పు గిన్నె ఉంది. ఏం జరిగిందో నాకే తెలియదు, నోరు తెరుచుకుంది.

"బావగారూ, రక్తం ఊపిరితిత్తుల దగ్గరే ఉండిపోయిందండి."

 మా ఆయన ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. నేను గిన్నెలోకే చూస్తూ చెప్పాను. "అక్క గుండె పాఠం సగమే చెప్పింది. అక్కణ్ణుంచి మళ్లీ గుండెలోకి ఎలా వస్తుందో నాకు తెలియదు. నాకు అది తెలియాలండి."

అంతే అన్నాను. వంటింట్లోకి వెళ్లి సింకు పట్టుకుని నిలబడ్డాను.   హాల్లోంచి బావగారి గొంతు వినిపించింది. అలవాటు తప్పకుండా పాపతోనే అన్నారు.

"పాపా, మీ పిన్నితో చెప్పు. మీ అమ్మ రేపు పొద్దున్నే కాలేజీకి ఫోన్ చేస్తుందని."

పాప లేచి వచ్చి, నాకు వినపడలేదేమో అన్నట్టు, మొత్తం ఇంగ్లీషులో మళ్లీ చెప్పింది. నేను ఏడుస్తుంటే అక్క వెనకనుంచి వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించింది. "మూడేళ్లకి నోరు తెరిచి అడిగావు, అదీ రక్తం గురించి. ఆయన పప్పు వేయించుకోవడం కూడా మర్చిపోయారే" అని నవ్వింది. తర్వాత అక్కడే, పొయ్యి దగ్గర, మిగతా సగం చెప్పింది. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం ఎడమవైపు పైగదిలోకి వస్తుందని, కిందిగది గోడ అన్నిటికంటే మందమని, ఒళ్లంతటికీ పంపాల్సింది అదే కాబట్టి అని. నేను తిరిగి అప్పజెప్పాను. తప్పు పోలేదు.

గురువారం బావగారు తన షిఫ్టు మార్చుకుని అక్కని స్వయంగా కాలేజీకి తీసుకెళ్లారు. అక్క టారో పళ్లెం ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. ఆ ప్లేస్‌మెంట్ వారాల్లో తిండి లోన్ కూడా తీసుకుంది. ఆ కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు బావగారు బయటికి వెళ్లి కారు తుడుచుకుంటూ నిలబడ్డారట, చూడలేక. అయినా వద్దనలేదు. అద్దెకి సాయంగా ఉంటుందని నేను ఇండియన్ కొట్లో పప్పులు పొట్లాలు కట్టే పనికి వెళ్లాను. అక్కే వెంటబెట్టుకుని తీసుకెళ్లి, ఇది మా చెల్లెలు, మాట్లాడదు కానీ పని మాట్లాడుతుంది అని చెప్పి చేర్చింది.

తర్వాత అంతా సాఫీగా సాగిందనుకోకండి. మందుల లెక్కల పరీక్ష ఒకటి ఉంటుంది. మనిషి బరువును బట్టి ఎంత మందు ఇవ్వాలో లెక్కకట్టడం. అందులో నూటికి నూరు రావాలి, ఒక్కటి తప్పినా తప్పినట్టే. అక్క మొదటిసారి తప్పింది. లెక్కల్లో నేను ఎందుకూ పనికిరాను. అప్పుడు బావగారు ముందుకొచ్చారు. రాత్రి భోజనం అయ్యాక కళ్లజోడు పెట్టుకుని, తన బస్సు ఇంగ్లీషులో, స్టాపులు చదివినట్టు లెక్కలు చదివేవారు. అక్క జవాబు చెప్పేది. తప్పితే, "పేషెంటు పోయాడు, తర్వాతి పేషెంటు" అనేవారు. "మీరు అలా అంటే నాకు రాదండీ" అని అక్క విసుక్కునేది. రెండోసారి ఒక్కటి కూడా పోలేదు. ఆ రోజు ఆయన పకోడీలు కొనుక్కొచ్చారు.

పట్టా ఇచ్చే రోజు మేమందరం వెళ్లాం. బావగారు డ్యూటీ మధ్యలో వచ్చారు, బస్సు యూనిఫాం మీదే. అక్క పట్టుచీర మీద నల్లగౌను వేసుకుంది. ఇక్కడ పసిఫిక్ దీవుల వాళ్లకి ఒక పద్ధతి ఉంది, పట్టా తీసుకున్నవాళ్ల మెడలో చాక్లెట్లూ పూలూ గుచ్చిన దండలు వేస్తారు. టోంగా ఆవిడ వాళ్ల చుట్టాలు ఆవిడకి వేసి, అక్క మెడలో కూడా ఒక్కొక్కరే వేసుకుంటూ పోయారు. చివరికి అక్క మొహంలో కళ్లూ బొట్టూ మాత్రమే కనిపించాయి. బావగారు ఆ దండల్లోంచి ఒక చాక్లెట్ తీసి, కాగితం విప్పి, ఎవరూ చూడటం లేదనుకుని అక్క నోట్లో పెట్టారు. నేను చూశాను.

ఉద్యోగం వచ్చాక మొదటి జీతం కాగితంలో లోన్ కింద కొంత పట్టుకున్నారని ఉంది. బావగారు ఆ వరుస మీద వేలు పెట్టి, "తీసేసుకున్నారే" అన్నారు. అక్క వెంటనే అంది, "చూశారా, ఇంటికి రాలేదు, మంచం అడగలేదు, మజ్జిగ కూడా అడగలేదు." ఆయన అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు. అప్పటినుంచి ప్రతి జీతం కాగితంలోనూ ముందు ఆ వరుసే చూసేవారు. తగ్గుతోంది, తగ్గుతోంది అని మా ఆయనకి చూపించేవారు.

మన హాల్లో అక్క చుట్టూ ఎప్పుడూ ఆడపిల్లలు ఉండేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. చదువు ఆపేద్దామా అని ఊగిసలాడేవాళ్లు చాలామంది ఆమె దగ్గరికే వచ్చేవారు. "అప్పు ఎక్కడికీ పోదమ్మా, నీకోసం కూర్చునుంటుంది. సీటు కూర్చోదు" అని చెప్పేది. అందరికీ అదే మాట చెప్పేది కాదు. ఊరికి అటు చివర హెండర్సన్‌లో ఫ్లాట్‌లో ఉండే ఒక అమ్మాయి వచ్చింది. చదువుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన పిల్ల, అక్కడి బ్యాంకులో నాన్న ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న లోన్, నెల తిరిగేసరికి వడ్డీ. అలా వీసా మీద చదువుకునేవాళ్లు వారానికి ఇన్ని గంటలే పని చేయాలని రూలు. ఆ పిల్ల రూలు దాటి పని చేసి, క్లాసులకి వెళ్లక, కాలేజీ వాళ్లు పిలిచేదాకా వచ్చింది. అక్క ఆమెకి భయపడకు అని చెప్పలేదు. "నా అప్పు వేరు, నీ అప్పు వేరు, నేనేదో గొప్పగా చెప్పకూడదు" అంది. కాలేజీలో సలహాలు చెప్పేవాళ్ల దగ్గరికి వెంట వెళ్లింది, మా ఇంట్లో రెండు నెలలు అన్నం పెట్టింది. అయినా ఆ పిల్ల నిలబడలేకపోయింది, తిరిగి వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టులో దింపి వచ్చింది కూడా అక్కే. ఆమె గెలిపించిన వాళ్ల గురించి మీరు రాస్తారు. ఈ పిల్ల గురించి ఎవరూ రాయరని నేను రాశాను. అక్క మాత్రం ఈ పిల్లనే ఎక్కువ తలుచుకునేది.

కర్మకాండలు అయ్యాక బావగారు లోన్ ఆఫీసుకి ఫోన్ చేశారు. మిగిలింది తను కట్టేస్తానని చెప్పడానికి. మనిషి పోతే ఆ లోన్ కూడా రద్దయిపోతుంది, మీరు కట్టాల్సిందేమీ లేదని వాళ్లు చెప్పారట. ఆయన నమ్మక మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పారు. ఫోన్ పెట్టేసి వంటింటి గుమ్మం దాకా వచ్చారు. పాప ఇంట్లో లేదు. ఎప్పుడూ లేనిది, నాతోనే అన్నారు. "ఆ అప్పు కొట్టేశారట అమ్మా. కొంచెమే ఉంది. తనే తీర్చేసేది." ఆ గొంతులో అప్పు పోయిన నిశ్చింత లేదు. భార్య పని ఎవరో మధ్యలో లాక్కున్నట్టుంది. నేను తల ఊపాను. "అవునండి, తనే తీర్చేసేది" అన్నాను.

ఇవన్నీ మా ఇంటి లోపలి సంగతులు. అప్పుల మాటలు, బావగారి మాటలు. ఆయన చెవిన పడితే నేను తలెత్తుకోలేను. అందుకని, పెద్దావిడగారూ, ఈ కాగితాలు హాల్లో ఎవరి చేతికీ ఇవ్వకండి, పుస్తకంలో వేయకండి. మీరు చదివాక కాల్చేయండి. చిత్తుబుట్టలో పడేయొద్దు, అగ్గిపుల్ల గీసి నిజంగానే కాల్చండి. కాల్చే ముందు ఇంకొక్క సంగతి మిగిలింది, అది కూడా చదవండి.

ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం నేను అక్క దగ్గర కూర్చున్నాను. ఒక చదువుకునే అమ్మాయి బి.పి. చూడటానికి వచ్చింది. ఎర్రజుట్టు కివీ పిల్ల, అంటే ఈ దేశం పిల్లే, ఇరవై ఏళ్లుంటాయేమో. వెనక పెద్ద నర్సు నిలబడి ఉంది. మిషన్ కాకుండా చెవులకి పెట్టుకుని వినే పద్ధతిలో చూడమన్నారు. ఆ పిల్లకి వినపడలేదు. మళ్లీ గాలి కొట్టింది, మళ్లీ వినపడలేదు. మొహం కందిపోయింది. పెద్ద నర్సును ఎవరో పిలిస్తే గుమ్మం దాకా వెళ్లింది. అప్పుడు అక్క చిన్నగా ఏ ఏడాది అని అడిగింది. రెండో ఏడాది అంది. లోన్ ఉందా అంది. ఉందని తల ఊపి, రాత్రుళ్లు సూపర్‌మార్కెట్లో పని చేస్తున్నానని, నిద్ర చాలడం లేదని, ఈ సెమిస్టర్ తర్వాత ఆపేస్తానేమోనని గబగబా చెప్పేసింది. ముక్కూ మొహం తెలియని పేషెంటుతో ఎందుకు చెప్పిందో ఆ పిల్లకే తెలియాలి.

అక్క ఏ సలహా చెప్పలేదు. అప్పటికి ఎక్కువ మాట్లాడే ఓపిక లేదు. ఆ పిల్ల వేళ్లు పట్టుకుని, చెవుల గొట్టం చివరనున్న గుండ్రటి బిళ్లని తన మోచేతి మడతలో కొంచెం లోపలికి జరిపింది. "నౌ లిజన్" అంది. నాకు చూపుతోనే చప్పుడు చేయకు అని చెప్పింది. నేను ఊపిరి బిగబట్టాను.

కిటికీలోంచి ఎండ పక్క మీద పడుతోంది. పుల్లలా అయిపోయిన చెయ్యి, కదలకుండా, ఆ పిల్ల వైపు చాచి ఉంది. ఆ పిల్ల తల వంచి, కళ్లు మూసుకుని వింటోంది. కాసేపటికి పెదవులు కదిలాయి. లెక్కపెడుతోంది. అక్క ఆ పెదవులనే చూస్తోంది.